మూడు వందల జేబులు

కొత్త గుడ్డ బేలు విప్పితే గంజి వాసన గుప్పుమంటుంది. దానికి మిషను నూనె వాసన, ఇస్త్రీ పెట్టె కింద లేచే ఆవిరి వాసన తోడైతే అనకాపల్లిలోని మా కుట్టు యూనిట్‌లో ఉదయం ఎనిమిదిన్నర అయిందని లెక్క. నిన్న అలాగే బేలు విప్పించి నిలబడ్డాను. సరోజినమ్మ గారు నా పక్కనే నిలబడి, గుడ్డ అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నట్టు అనిపించింది. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. గుడ్డను నలిపి చూడటం ఆవిడ దగ్గర వారం రోజుల్లో నేర్చుకున్నాను. మనిషిని నలపకుండా చూడటం మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఆవిడ గవరపాలెంలో ఒక మేడ మీద ఇరవై రెండు మిషన్లతో యూనిఫారాలు కుట్టించేది. టైలరుగా పనిచేసిన భర్త పోయాక ఇంట్లో మిగిలిన రెండు మిషన్లతో మొదలుపెట్టి, అచ్యుతాపురంలో కంపెనీలు వచ్చాక వాటి పనివాళ్ళ బట్టలు కుట్టే దాకా వచ్చింది. చదివింది ఐదో తరగతి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ మిషన్లు. మా వైపు అక్కను అప్ప అంటాం కాబట్టి అందరికీ ఆవిడ సరోజినప్ప. నేనేమో విశాఖపట్నంలో మేనేజ్‌మెంట్ చదివి, నాయకత్వ లక్షణాల మీద తొంభై పేజీల నోట్సు రాసుకుని, సూపర్వైజర్ ఉద్యోగానికి ఆ మేడ మెట్లెక్కాను. లక్షణాలన్నీ నోట్సులో ఉండిపోయాయి, నాతో వచ్చినవి అవలక్షణాలే. ఆవిడ మెడలో కొలత టేపు ఉంది, నా మెడలో టై ఉంది. ఆవిడ సర్టిఫికెట్లు చూడలేదు. ఒక సూది, దారం ముక్క నా చేతిలో పెట్టింది.

"ఎక్కించు బావూ."

"నేను సూపర్వైజర్ పనికి వచ్చానండి."

"అందుకే ఇచ్చేను. సూపు ఎలాగుందో సూద్దామని."

మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి దారం చివరను నాలుకతో తడిపితే ఎక్కడానికి బదులు అది విచ్చుకుని పువ్వులా అయింది. ఆవిడ నవ్వలేదు. "పర్లేదు, రేపు రా," అంది. నవ్వింది మిషన్ల వెనక ఉన్నవాళ్ళు.

ఆ యూనిట్‌లో ఒక అలవాటు ఉండేది. రోజూ పని మొదలయ్యే ముందు సరోజినమ్మ గారు ఎవరో ఒకరిని లేపి, వాళ్ళ మిషను ముందు కూర్చుని ఆ రోజు మొదటి బట్ట తనే కుట్టేది. ఆ మిషను మనిషి పక్కన నిలబడి, కుట్టు పూర్తయ్యాక అందులో తప్పులు పైకి చదవాలి. పొగడకూడదు. తప్పు దొరక్కపోతే దొరికేదాకా వెతకాలి. నేను చేరిన మొదటి ఉదయం ఆ వంతు నూకాలుది. కె. కోటపాడు వైపు నుంచి బస్సులో వచ్చే మనిషి, వేగంగా కుట్టేది, అంతకన్నా వేగంగా మాట్లాడేది.

"అప్పా, కాలరు కాడ వంకరొచ్చీసింది. కళ్ళద్దాలు మరిసిపోయేరేటి?"

"అవునే, వంకరే. ఇంకేటి?"

"సంక కాడ గుడ్డ లాగీసేరు. ఇది తొడుక్కున్నోడు సెయ్యెత్తితే దండం పెట్టినట్టే ఉండిపోతాడు, మరి దిగదు."

మేడంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆవిడే నవ్వింది. నాకు మాత్రం నోట్సులో ఏ పేజీలోనూ లేని ఈ తతంగం మింగుడు పడలేదు. మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు, యజమాని ఇలా రోజూ మాటలు పడితే పనివాళ్ళలో భయం పోతుందని చెప్పాను. ఆవిడ టిఫిన్ గిన్నె మూత తీస్తూ, "బయం దేనికి బావూ? ఆళ్ళు సేతుల్తోటి కదా కుడతారు. బయపడితే ముందు వణికేవి అయ్యే," అంది. నేను తల ఊపాను. తల ఊపడం నాకు మొదటినుంచీ బాగా వచ్చు. లోపలికి ఎక్కించుకోవడం దగ్గరే నాది ఆ దారం సంగతి.

ఏడాది తిరిగింది. అచ్యుతాపురంలోని ఒక మందుల కంపెనీ నుంచి మూడు వందల తెల్ల కోట్ల ఆర్డరు వచ్చింది. అంత పెద్ద కంపెనీ మా దగ్గరికి రావడం అదే మొదలు. ఇది నచ్చితే ఏడాది పొడవునా పని ఉంటుందన్నారు. లేకపోతే ఆరుగురిని మానిపించాల్సిన పరిస్థితి అప్పటికే వచ్చి ఉంది. సరిగ్గా ఆ వారమే గొలుగొండలో సరోజినమ్మ గారి కూతురికి నెలలు నిండాయి. కంపెనీ ఇచ్చిన నమూనా కోటు నా చేతిలో పెట్టి, "ఇది సూసి ఇలాగే కుట్టించు. ఉదయం నా బదులు నువ్వు కూకో," అని చెప్పి బస్సెక్కింది.

మొదటి ఉదయమే నేను రెండు గొప్ప నిర్ణయాలు తీసుకున్నాను. ఒకటి, నేను మిషను ముందు కూర్చోవడం లేదు. కుట్టడం రానివాణ్ణి ఇరవై రెండు మంది ముందు కూర్చుంటే నా పరువును ఏ దారంతోనూ అతకలేరు. పైకి మాత్రం పది నిమిషాలు కలిసొస్తాయని చెప్పాను. రెండోది, నమూనా కోటుకు జేబు లేదు. ఎవరో మరిచిపోయారనుకున్నాను. జేబు లేని కోటేమిటి, పెన్ను ఎక్కడ పెట్టుకుంటారు పాపం! అడిగినదానికన్నా కొంచెం ఎక్కువ ఇవ్వాలని నోట్సులో ఎర్ర సిరాతో గీత గీసి మరీ ఉంది. ఎడమ వైపు ఛాతీ మీద ఒక చక్కటి జేబు గీసి ఇచ్చాను. నూకాలు మిషను ఆపి, ఆ కాగితం వైపు, నా వైపు చూసింది. నా గీతల అందం చూస్తోందనుకున్నాను. నేను చేతులు వెనక్కి కట్టుకుని మిషన్ల మధ్య నడిచాను. ఎవరూ తల ఎత్తలేదు. ఇంత క్రమశిక్షణ సరోజినమ్మ గారి హయాంలో ఎప్పుడూ చూడలేదని పొంగిపోయాను, లోపల కాలరెగరేశాను కూడా.

గురువారం మధ్యాహ్నం కంపెనీ ఆఫీసరు సరుకు చూడటానికి వచ్చేసరికి సరోజినమ్మ గారు అప్పుడే గొలుగొండ నుంచి దిగి, చేతి సంచి ఇంకా కింద పెట్టలేదు. ఆయన మొదటి కోటు విప్పి, జేబులో వేలు పెట్టి బయటికి తీసి, వేలికి అంటిన దారపు నూగు చూశాడు.

"ఇదేమిటండీ?"

"జేబు సార్," అన్నాను, మెచ్చుకుంటాడేమోనని.

"అది కనిపిస్తూనే ఉంది. మందు తయారయ్యే గదిలోకి జేబున్న బట్ట రానివ్వం. దుమ్ము పడుతుంది, ఎవడో ఒకడు పెన్నో చీటీయో పెట్టుకొస్తాడు. విప్పినా సూది చిల్లులు ఉంటాయి, పనికిరావు. సోమవారం కొత్త సెక్షను మొదలవుతోంది. ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

సరోజినమ్మ గారు సంచి కింద పెట్టింది. "తప్పు నాదేనండి. సోమవారం పొద్దున్న జేబుల్లేని కోట్లు పంపుతాను. ఎన్ని అయితే అన్ని పంపుతాను, తక్కువైతే ముందే ఫోను సేసి సెప్తాను," అంది. ఆయన ఆదివారం సాయంత్రం లోపు చెప్పమని వెళ్ళిపోయాడు. నేను మీరెందుకు మీద వేసుకున్నారని అడగబోయాను.

"బయట బోర్డు మీద నా పేరుంది. ఆయనకి నువ్వెవరో నేనెవరో దేనికి? బయటికి తప్పు నాది. లోపలికి నీది. రా."

హాల్లోకి తీసుకెళ్ళి మిషన్లన్నీ ఆపించి, నన్ను ముందు నిలబెట్టింది. చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నానని తర్వాత వాళ్ళే చెప్పారు. చెప్పడం అయ్యాక నూకాలు అంది: "నాకు తెలుసు."

"ఏమిటి?"

"జేబు ఉండకూడదని. మా సెల్లి అలాంటి కంపెనీలోనే సేత్తంది. లోపలికెల్లేటప్పుడు రుమాలు కూడా తీయించెత్తారంట."

నాకు కోపం పొంగింది. "మరి చెప్పలేదేం?"

"ఎప్పుడు సెప్పాల బావూ? తప్పులు సెప్పే ఏల మీరే తీసీసేరు. ఆ కాయితం సూసి మిషనాపేను. మీరేమో మెచ్చుకుంటన్నాననుకుని నవ్వేరు. ఆ మాట మీతో అంటే నోరెక్కువని నన్నే మానిపిత్తారేమో అనుకున్నాను. ఆరుగురిని మానిపిత్తారని అందరం ఇన్నాం కదా."

ఆ ఆర్డరు పోతే ఇళ్ళకు వెళ్ళిపోవాల్సినవాళ్ళు నా కళ్ళ ముందే, నేను గీసిన జేబును తప్పని తెలిసీ మూడు వందలసార్లు కుట్టారు. వారమంతా క్రమశిక్షణ అనుకుని మురిసిపోయింది దేన్ని చూసో అప్పుడు తెలిసింది. కుట్టు మీద పని చేసినన్నాళ్ళలో నన్ను అంతగా కుట్టిన మాట మరొకటి లేదు. సరోజినమ్మ గారి వైపు చూశాను, ఏదైనా అంటుందేమోనని. ఆవిడ నూకాలు స్టూలు లాగి, "కూకో," అంది నాతో.

కూర్చున్నాను. చేయి జేబులోంచి తీసి గుడ్డ మీద పెట్టాను. నా జీవితంలో మొదటి కుట్టు ఒక తెల్ల కోటు పక్క అతుకు.

"ఇది కుట్టా, కుట్రా?" అని ఎవరో అన్నారు.

"అచ్యుతాపురం రోడ్డు నయం, మద్దిలో ఎక్కడో ఒక కాడైనా తిన్నగుంటాది," అంది నూకాలు.

వారం తర్వాత ఆ మేడ మీద మొదటిసారి నవ్వు వినిపించింది. చెవులు మండుతున్నా నేనూ నవ్వాను, ఆలస్యంగా.

ఉన్న గుడ్డ చాలక కొత్తది తెప్పించారు. అందరూ తెల్లవారుతూనే వచ్చారు. ఆదివారం ఎన్నడూ తలుపు తీయని సరోజినమ్మ గారు ఆ రోజు చర్చి అయ్యాక, అదే తెల్ల పట్టుచీరతో వచ్చి మిషను ముందు కూర్చుంది. పన్నెండు కోట్లు తక్కువ పడ్డాయి. సాయంత్రం కంపెనీకి ఫోను చేసి ఆ మాట ఆవిడే చెప్పింది. తర్వాత వచ్చిన ఆర్డరు మేము ఆశించినదాంట్లో సగం. అయినా ఎవరినీ మానిపించలేదు. కాదన్న కోట్లను ఆవిడ అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసింది. కొన్నాళ్ళపాటు అనకాపల్లిలో నా తప్పు నాకు ఎదురవుతూనే ఉంది. మిక్చరు బండి అతను, మంగలి షాపు అతను, బెల్లం మార్కెట్లో ఒక గుమాస్తా, అందరూ నా జేబులో బీడీ కట్ట పెట్టుకుని తిరిగేవారు. మిక్చరు బండి అతను ఒకసారి నన్ను ఆపి, "ఈ జేబు ఎవరు పెట్టేరో గానీ మా బాగా పెట్టేరండి," అన్నాడు. నాకు వచ్చిన ఏకైక ప్రశంస అది.

నన్ను పంపేస్తారనే అనుకున్నాను. నెల తిరగకుండా ఆవిడ మళ్ళీ గొలుగొండ బస్సెక్కుతూ యూనిట్ తాళాలు నా చేతిలో పెట్టింది. నేను బిత్తరపోయి చూస్తుంటే విసుక్కుంది. "ఏటలా సూత్తావు? మనవణ్ణి సూడాలని ఉండదేటి నాకు? మళ్ళీ జేబులెట్టీకు."

ఆ తాళాలు పుచ్చుకున్న పదకొండేళ్ళ తర్వాత సొంత యూనిట్ పెట్టుకున్నాను. ఇప్పుడు కొత్తగా వ్యాపారం మొదలుపెట్టే కుర్రవాళ్ళు వచ్చి నాయకత్వం గురించి రెండు మాటలు చెప్పమంటారు. ఆ తొంభై పేజీల నోట్సు ఎక్కడో పోయింది. ఆవిడ నుంచి తెచ్చుకున్నది చాలా చిన్నది. ఎదుటి మనిషి తల ఎత్తి ఇది తప్పు అన్నప్పుడు చెవులు వేడెక్కుతాయి. అవి చల్లబడేదాకా నోరు మూసుకుని ఉండటం. అంతే. అది కూడా నాకు రోజూ కుదరదు.

పోయిన వారం ఒక కొనుగోలుదారుకు కొత్త కోటు చూపిస్తున్నాను. చేరి ఇరవై రోజులు కాని మౌనిక అనే అమ్మాయి, పేరుకు విరుద్ధంగా, అందరి ముందూ, "సార్, బుజం కాడ కొలత తప్పొచ్చిందండి," అంది. చెవులు భగ్గుమన్నాయి. ఆగాను. టేపు తీసి కొలిచాను. నా కొలతే సరిగ్గా ఉంది, తప్పు ఆ అమ్మాయిది. కొనుగోలుదారు నవ్వాడు. ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది. "కొలత సరిగ్గానే ఉందమ్మా. కానీ అనుమానం వచ్చి చెప్పావు చూడు, మంచి పని చేశావు," అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. సాయంత్రం దాకా తల దించుకునే కుట్టింది. నేను నిద్రపోయేదాకా ఆ దించిన తలే కనిపించింది.

మర్నాడు పదకొండు గంటలకు ఒక మిషను ఆగింది. మౌనిక లేచి నిలబడి ఉంది, భయంగానే.

"సార్, ఒక్కసారి ఇలా వత్తారేటి?"

వెళ్ళాను.