మా అన్న పేరెత్తిన మేనత్త

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని ఆత్మకూరులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి, ఇంటర్ చదివే మనవరాలి చేతిలోంచి ఒక నవల లాక్కుని బీరువా మీద పారేస్తోంది మా అమ్మాయి. తమ్ముడు చనిపోయాక మంచం దిగకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా కుంగిపోయిన పదిహేనేళ్ళ పిల్ల కథట. రెండు నెలల కిందట ప్రాణ స్నేహితురాలు పోయినప్పటి నుంచి మనవరాలు ఇష్టంగా ముట్టుకున్న పుస్తకం అదొక్కటే. "ఇట్టాంటియి చదివితే దిగులు అంటుకుంటాదమ్మా" అని మా అమ్మాయి నాకే పాఠం చెప్పింది. దిగులేమన్నా గజ్జా, అంటుకోవడానికి! నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, అంతకు ముందు ఆ కథలో పిల్లలాగే మంచం పట్టినదాన్ని.

ఉదయగిరిలో నేను పదో తరగతి చదువుతుండగా, నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన మా అన్న పచ్చకామెర్లతో పది రోజుల్లో పోయాడు. సమాధి చేసి వచ్చిన సాయంత్రమే నాయన వాడి చొక్కాలు మూటగట్టి ఎవరికో ఇచ్చేసి, ఇక ఈ ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తకూడదన్నాడు. అమ్మ పొరపాటున నాలుగో కంచం పెట్టి, మళ్ళీ తీసి బోర్లిస్తే, చూడనట్టే అన్నం కలుపుకున్నాం. నాకు కన్నీళ్ళు రాలేదు. తల దువ్వుకోవడం మానేశాను, పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చి వచ్చాను, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇక మొదలయ్యారు జనం. దేవుడు తనకు ఇష్టమైనవాణ్ణి తీసుకున్నాడని పెద్దమ్మ, గాలి సోకింది దర్గాకు తీసుకుపొమ్మని పక్కింటావిడ, బలం మందు సీసాతో కాంపౌండరు, పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని కొండాపురం నుంచి పనిగట్టుకుని వచ్చిన మేనమామ. ధైర్యంగా ఉండమని ఎంతమంది చెప్పారో! ఎలా ఉండాలో చెప్పిన పుణ్యాత్ములు ఒక్కరూ లేరు.

మూడు నెలలకు నాయన అక్క, ఆత్మకూరు బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే మా మేనత్త, బస్సు దిగింది. నోరు పెద్దది. నన్నొకసారి చూసి నాయన వైపు తిరిగి, "ఒరే, బిడ్డ పోయినాడు సరే, పేరు గూడా పూడ్చిపెట్టినావా?" అని నిలదీసింది. నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అత్త నన్ను వెంటబెట్టుకుని ఆత్మకూరు వచ్చేసింది.

వచ్చాక ఓదార్చిందీ లేదు. హుక్సులు కుట్టమని కూర్చోబెట్టి, మిషను తొక్కుతూ మా అన్నను తిట్టడం మొదలుపెట్టింది.

"మీ అన్న ఉండాడే, పెద్ద దొంగ. సెలవులకొచ్చి నా కత్తెరతో రేకులు కత్తిరించి మొండి చేసినాడు. ఏందిరా అంటే పిల్లి కొరికిందన్నాడు!"

నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. మూడు నెలల ఏడుపు. అత్త మిషను ఆపలేదు.

"ఏడువు. ఆ గుడ్డ మీద మాత్రం పడనీబాక, రేపు ఇయ్యాల్సిన జాకెట్టు అది."

ఒక్కరోజులో బాగయ్యానని చెప్పను. వారం బాగుంటే రెండు వారాలు మళ్ళీ గోడవైపే. అత్త విసుక్కునేది, తిట్టేది, కంచం పక్కన పెట్టి పోయేది, కానీ మరిచిపొమ్మని ఏనాడూ అనలేదు. ఏడాదిన్నరకు మళ్ళీ పరీక్ష రాశాను.

ఇదంతా చెప్పి పోట్లాడితేగానీ మా అమ్మాయి ఆ నవల తిరిగివ్వలేదు. ఇప్పుడు ఆ దిగులుకు ఒక పేరుంది, నెల్లూరులో డాక్టర్లున్నారు, మంచిదే. పక్కన కూర్చుని, చనిపోయినవాళ్ళ కబుర్లు చెప్పే తీరికే ఎవరికీ లేదు. అత్త పోయి చాలా ఏళ్ళైంది. నాయన తను పోయేదాకా కొడుకు మాట ఎత్తలేదు, ఆ కోపంతో నేనూ ఆయన్ను ఏమీ అడగలేదు. ఈమధ్యే తట్టింది, అన్న పోయేనాటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. ఇప్పటి మా అమ్మాయి కంటే చిన్నవాడు.