నీళ్లు కలకబార్చిన చెయ్యి

మా ఇంగ్లిషు టీచరమ్మ మంగళవారం పొద్దున చనిపోయింది. పటాన్‌చెరు దగ్గరి మా ఊళ్లో సగం మందికి చదువు చెప్పిన మనిషి. కిడ్నీలు చెడిపోయాయని ఆస్పత్రివాళ్లు చెప్పారు. ఎందుకు చెడిపోయాయో చెప్పలేదు. ఊరి వెనక మందుల ఫ్యాక్టరీ వదిలిన నీళ్లు మా బోర్లలోకి దిగాయి, ఆ నీళ్లే ఆమె తాగింది. ఇది నేనంటున్న మాట. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నావల్ల కాదు.

ఏడో తరగతిలో ఒకరోజు ఆమె గ్లాసుడు నీళ్లలో చిటికెడు మట్టి వేసి వేలితో తిప్పింది. "గిదే ట్రబుల్" అంది. లాటిన్‌లో ఆ మాట పుట్టింది నీళ్లు కలకబారడం నుంచేనట. మనసు కలత, బతుకు కష్టం అనే అర్థాలు తర్వాత వచ్చాయట. మేం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, మట్టి అంటిన వేలు ఎత్తి చూపించింది.

"కరువు వస్తది, ముసలితనం వస్తది. ట్రబుల్ రాదు బిడ్డా, ఎవరో చేస్తరు. నీళ్లు మురికైతే, చెయ్యి ఎవరిదని అడగాలె."

కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు నేర్పింది ఆమే. అందుకు రుణపడి ఉన్నాను.

చర్చిలో శత్రువుల కోసం ప్రార్థన చేయమంటే గట్టిగా చేసేది. ప్రార్థనలో ఫ్యాక్టరీవాళ్ల వంతు వచ్చేసరికి దగ్గు వచ్చినట్టు ఆగిపోయేది. "దేవుడు పెద్దమనిషి, క్షమిస్తడు. నాకేం జల్దీ?" అని నవ్వేది. పోయినేడు నీళ్ల కోసం ఊరంతా ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంటే మేనేజరు బయటికొచ్చి, "సారీ ఫర్ ద ట్రబుల్, మేడమ్" అన్నాడు. ఇంకేం, అతన్ని ఎండలో నిలబెట్టి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో పాఠం చెప్పింది. అతను వాచీ చూసుకున్నాడు. అది నేను మనసులో పెట్టుకున్నాను.

ఆమె సమాధికి గొయ్యి తవ్వుతుంటే అడుగున ఎర్రటి నీళ్లు ఊరాయి. మందుల వాసన గుప్పుమంది. ఎంత తోడినా ఆగలేదు. ఆ నీళ్లలోకే పెట్టె దించాం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేసరికి అదే మేనేజరు పూలదండతో వచ్చాడు. అందరిలాగే పిడికెడు మట్టి వేయబోయి, గొయ్యి అంచున ఆగి, దస్తీ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

"దస్తీ తియ్యుండ్రి సార్. గీ వాసన మీదే."

పాస్టరుగారు ఒక్క క్షణం ఆగారు. నన్ను ఎవరూ వద్దనలేదు. ఆయన మళ్లీ ప్రార్థన అందుకున్నారు, ఎప్పటికన్నా మెల్లగా. మేనేజరు దస్తీ జేబులో పెట్టుకున్నాడు. ఆమేన్ అనేదాకా నేను చెయ్యి వదల్లేదు, అతను ఆ గొయ్యి మీద ఊపిరి పీలుస్తూ నిలబడ్డాడు.