మూడో మడుగులో తలల లెక్క

ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసినవాడికి తలలు లెక్కపెట్టడం ఊపిరి పీల్చుకున్నంత తేలిక. ముందు తలుపు దగ్గర నిలబడి వెనక తలుపు దాకా ఒక్క చూపు విసిరితే చాలు, ఎంతమంది ఎక్కారో, ఎవరు టికెట్టు తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నారో చెప్పేసేవాడు. రిటైరయ్యాక ఆ చూపుకి పని లేకుండా పోయింది. మేడమెట్లు లెక్కపెట్టాడు. ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టలు లెక్కపెట్టాడు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే భార్య దగ్గరున్న గుండీల డబ్బా బోర్లించి, "నాలుగొందల పన్నెండు" అని ప్రకటించిన రోజున ఆవిడకి ఓపిక అయిపోయింది.

"మహానుభావా, మీకో దండం. బయటికెళ్ళి ఏదో ఒకటి లెక్కపెట్టుకోండి. నా గుండీల జోలికి మాత్రం రాకండి."

ఊరి చివర ఇసుకలేని రాళ్ళ తీరం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బండల మధ్య గుంటల్లో మోకాలి లోతు మడుగులు మిగులుతాయి. వాటిలో ఏమేం ఉన్నాయో వారానికోసారి లెక్క రాసేవాళ్ళ కోసం పక్కనున్న సముద్రజీవుల పరిశోధన కేంద్రం వెతుకుతోంది. కండక్టరుకి మూడో మడుగు అప్పగించారు. మూరెడు చదరపు చట్రం, పెన్సిలు, తడిసినా చిరగని కాగితాలు ఇచ్చారు.

మూడో మడుగు రెండు మంచాలంత ఉంటుంది. అంచుల్లో ఆకుపచ్చ నాచు, లోపల గోధుమరంగు నాచు కుచ్చులు, అడుగున రాతికి రంగు పూసినట్టు గులాబీ పొర. పువ్వులా విచ్చుకుని, వేలు తగిలితే ముడుచుకుపోయే జీవులు కొన్ని. కండక్టరు అందరినీ ప్రయాణికుల్లాగే చూశాడు. టోపీ బోర్లించినట్టు బండని కరుచుకుని కదలని నత్తలు పాసులున్నవాళ్ళు. గుండ్రటి గుల్లల నత్తలు ఆఫీసు వేళ రద్దీ.

రెండేళ్ళలో ఒక్క వారం కూడా నాగా పెట్టలేదు. ఆయన లెక్కలో ఈ గుండ్రటి నత్తలు యాభై నుంచి పెరిగి ఎనభై దాటాయి. "బాబాయ్ గారూ, మీ లెక్కంటే ఇక చూసుకోనక్కర్లేదు" అంది కేంద్రంలో ఆఫీసరమ్మ. ఆ మాట ఆయన ఇంట్లో రోజుకోసారి చెప్పాడు. నత్తలు పెరిగాయి కాబట్టి, గుల్లలతో బొమ్మలు చేసేవాళ్ళు ఆ తీరంలో వాటిని ఏరుకోవచ్చని కేంద్రం నివేదిక తయారుచేసింది. సోమవారం సంతకం.

శుక్రవారం భార్య కూడా బయల్దేరింది.

"విని విని చెవులు తూట్లు పడ్డాయి. ఒక్కసారి చూస్తే పోలా?"

కండక్టరు చట్రం నీళ్ళలో పెట్టి, నిలబడే లెక్కపెట్టి, చట్రం జరిపి మళ్ళీ లెక్కపెట్టాడు. కాసేపట్లో పనైపోయింది. "ఎనభై నాలుగు!" అని చెప్పి, రాసుకోవడానికి పెద్ద బండ నీడలోకి వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పి వల్ల ఆవిడ మడుగు అంచునే చతికిలబడింది.

"ఏవండీ! నత్తలు పరిగెత్తుతాయా?"

"నత్త పరిగెత్తడమేంటే? ఎండదెబ్బ తగిలిందా?"

"మరిదేంటి? ఇదిగో ఇంకోటి. పక్కదాన్ని తొక్కుకుంటూ పోతోంది, అచ్చం మీ బస్సులోలాగే."

ఆయన గబగబా వచ్చాడు. నీళ్ళమీద ఆయన నీడ పడింది. ఏదీ కదల్లేదు.

"ఏదీ?"

"మీరొచ్చారుగా, ఆగిపోయాయి. ఇటు కూర్చోండి. కాసేపు నోరు మూసుకోండి."

కూర్చున్నాడు. అయిదు నిమిషాల తర్వాత ఒక గుల్ల కాస్త పైకి లేచింది. కిందనుంచి సన్నటి కాళ్ళు, రెండు డెక్కలు బయటికొచ్చాయి. చచ్చిన నత్తల గుల్లల్లో కాపురం పెట్టే సన్యాసి పీత అది. మొదటిరోజే కేంద్రంవాళ్ళు ఫొటో చూపించారు. అడుగుల చప్పుడికి అది లోపలికి ముడుచుకుంటే గుల్ల నత్తలాగే కనబడుతుంది. ఆయన రెండేళ్ళుగా చప్పుడు చేసుకుంటూ వచ్చి, నిలబడి లెక్కపెట్టి, వెళ్ళిపోతున్నాడు.

ఇద్దరూ మళ్ళీ లెక్కపెట్టారు. నత్తలు ముప్ఫై ఒకటి. పీతలు యాభై మూడు.

"ఒక్కడంటే ఒక్కణ్ణి టికెట్టు లేకుండా దిగనివ్వలేదు నేను" అన్నాడు ఇంటికొస్తూ. "యాభై మూడు! నా కళ్ళముందే!"

"సరేలెండి. ఆఫీసులో ఎప్పుడు చెప్తారు?"

"చెప్తే చట్రం లాగేసుకుంటారే."

"పోతే నష్టం నాకే. ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తారు. అయినా సరే, రేప్పొద్దున్నే వెళ్ళి చెప్పండి."

మర్నాడు ఆఫీసరమ్మ కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు.

"అమ్మా, నా లెక్క తప్పు. రెండేళ్ళదీ తప్పే."

విషయం విని ఆవిడ ముందు నవ్వింది. తర్వాత కాగితంమీద ముప్ఫై ఒకటి చూసి నవ్వు ఆపేసింది.

"చచ్చిన నత్తల గుల్లలే యాభై మూడు! నత్తలు తగ్గిపోతున్నాయన్నమాట. మేమేమో ఏరుకోమని రాశాం." ట్రేలోంచి నివేదిక తీసి ఆ పేజీని అడ్డంగా కొట్టేసింది. "మిగతా మడుగుల్లోనూ అందరూ నిలబడే లెక్కపెట్టుంటారు. అన్నీ మళ్ళీ చూడాలి."

కండక్టరు చట్రం బల్లమీద పెట్టాడు.

"ఇదెందుకు ఇస్తున్నారు? ఇంతకీ పీతల్ని పట్టుకున్నది ఎవరు?"

"మా ఆవిడ."

"అయితే పిన్నిగార్ని కూడా తీసుకురండి. ఆవిడ చూసి చెప్తారు, మీరు రాయండి."

నత్తల్ని ఏరుకునే అనుమతి ఆగిపోయింది. అన్ని మడుగులకీ కొత్త నియమం వచ్చింది: వెళ్ళగానే పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, ఆ తర్వాతే లెక్క. ఆ పది నిమిషాలు కండక్టరుకి ఉద్యోగంలో ఎన్నడూ ఎరగని కష్టం. భార్య ఓరచూపుతో కాపలా కాస్తుంది.

మొన్న శుక్రవారం ఆవిడ మడుగులోకి వంగి చెబుతోంది.

"నత్తలు ముప్ఫై నాలుగు. పీతలు నలభై తొమ్మిది... ఆగండి."

"నలభై తొమ్మిదా, యాభయ్యా? సరిగ్గా చెప్పు."

"ఆ మూలది ఖాళీ గుల్లేనో, లోపల ఎవరైనా ఉన్నారో తెలీట్లేదు. ఒక పీత దాన్ని అటూ ఇటూ తిప్పి కొలతలు తీసుకుంటోంది. ఇల్లు మారుతుందేమో. కాస్త ఉండండి, దాన్ని తేల్చుకోనివ్వండి."

ఆయన పెన్సిలు పైకెత్తి పట్టుకుని, ఊపిరి బిగపట్టి ఉన్నాడు.