సూది మందు, సారంగి, నా కుడి చెవి

ఆ రోజు సోమవారం. ఆత్మకూరు బడిలో పొద్దున ప్రార్థన నేనే పాడించేదాన్ని. నేను ఒక చరణం పాడితే పిల్లలు దాన్ని తిరిగి పాడాలి. రెండో చరణం సగంలో నాకు ఊపిరి అందలేదు. గొంతు బాగానే ఉంది, ఊపిరే లేదు. పిల్లలు నేను పాడిన సగాన్ని బుద్ధిగా తిరిగి పాడి, మిగతా సగం కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

అప్పటికే రెండు నెలలుగా సాయంత్రం పూట సన్నగా జ్వరం వస్తోంది. జాకెట్లు వదులయ్యాయి. దగ్గు సుద్దముక్కల పొడి వల్లేనని నాకు నేనే చెప్పుకున్నాను. ప్రార్థన ఆగిన నాలుగో రోజు చేతిరుమాలులో రక్తం కనిపించింది. నేను కిరాయికి ఉన్న ఇంటామె అది చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. గుమ్మం బయటే నిలబడి, "టీచరమ్మా, నాకు చిన్న పిల్లలున్నరు. జర అర్థం చేసుకో" అంది. అర్థం చేసుకున్నాను. ఆ సాయంత్రానికే ట్రంకు సర్దుకున్నాను.

మాది కేతేపల్లి దగ్గర ఒక పల్లె. బాపు చాలా ఏళ్లు పెద్దరైతుల దగ్గర పాలేరుగా జీతం ఉన్నాడు. తర్వాత కొద్దిగా చెలక, వాన మీద పండే మెట్ట భూమి, సంపాదించుకున్నాడు. మా ఇంట్లో చదువుకుని ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేనే. చర్చిలో పాటలు కూడా నేనే ఎత్తుకునేదాన్ని. బస్సు దిగి ట్రంకుతో వస్తున్న నన్ను చూసి అమ్మ, "సెలవులా బిడ్డా?" అని సంతోషంగా ఎదురొచ్చింది.

నల్లగొండ దవాఖానలో ఎక్స్‌రే తీశారు. కఫం పరీక్ష చేశారు. డాక్టరు గారు ఫిల్మును కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, "రైట్ అప్పర్ లోబ్‌లో కేవిటీ ఉంది, అంటే ఊపిరితిత్తిలో గుంట. స్పూటం పాజిటివ్. టి.బి." అన్నారు. శానటోరియంలో మంచాలు ఖాళీ లేవట, ఇంటి దగ్గరే వైద్యం చేయించుకోమన్నారు. మూడు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. దానితో పాటు ఐ.ఎన్.హెచ్. మాత్రలు, పి.ఏ.ఎస్. పొడి. "ఒక్క సూది కూడా తప్పకూడదు. తప్పితే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు. ఆ మాట నా మనసులో మేకులా దిగింది.

బాపు చెలకలో గుడిసె వేశాడు. ఇల్లు కనిపించేంత దూరమే, కానీ ఇంట్లో మాటలు వినిపించవు. అమ్మ రెండు పూటలా వచ్చి నా కంచంలో అన్నం పెట్టి, అల్లంత దూరంలో కూర్చుని నేను తినేదాకా చూసి వెళ్లేది. బాపు గట్టు మీద నుంచే, "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అరిచేవాడు. నేను చేయి ఎత్తేదాన్ని. గట్టిగా జవాబిస్తే దగ్గు వచ్చేది. చర్చి వాళ్లు ప్రతి ఆదివారం నా కోసం ప్రార్థించారని అమ్మ చెప్పేది. గుడిసె దాకా మాత్రం ఎవరూ రాలేదు.

అన్న దావీదు అప్పుడు నందికొండ దగ్గర డ్యాం పనిలో లారీ నడుపుతున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం తువాలలో చుట్టిన ట్రాన్సిస్టర్ తెచ్చాడు.

"చెల్లె, గిది నీకే. పోస్టాఫీసుల రేడియో లైసెన్స్ గూడ తీసిన. నేను దగ్గరికి రావాల్నంటే... పిల్లలున్నరు గద."

"గా రాయి మీద పెట్టి పో అన్నా," అన్నాను.

పెట్టాడు. ఎండ తగలకుండా దాని మీద తువాల కప్పి వెళ్లిపోయాడు.

అప్పటివరకు నాకు తెలిసిన సంగీతం చర్చి కీర్తనలు, నాట్ల పాటలు, రోడ్డు మీద చాయ్ హోటల్లో వినపడే సినిమా పాటలు. అంతే. రేడియో వచ్చిన మొదటి వారం ఆ సినిమా పాటలే వెతికాను. తర్వాత విసుగు పుట్టింది. పాట అయిపోగానే గుడిసె మరీ ఖాళీగా అనిపించేది. దాంతో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముల్లును వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. తెలియనిది ఏది దొరికినా అయిపోయేదాకా వినాలి, నచ్చకపోయినా సరే. ఏం దొరికింది, ఏ వేళ, ముల్లు ఎక్కడుంది అన్నీ బడి నోటు పుస్తకంలో రాసుకున్నాను. పొద్దు వాలుతుంటే దూరపు స్టేషన్లు ఒక్కటొక్కటే పైకి తేలుతాయని అట్లా కనిపెట్టాను. కొన్నిటి భాష ఏమిటో కూడా తెలియదు. పాడేవాళ్ల పేర్లు సరిగా అందేవి కావు. అందుకని "గొంతులో ఇసుక ఉన్న ఆయన", "నవ్వుతూ పాడే ఆమె" అని రాసుకునేదాన్ని.

ఒక వాయిద్యం మాత్రం నన్ను పట్టుకుంది. వయొలిన్ కాదు, సన్నాయి కాదు. మనిషి నోరు మూసుకుని ఏడుస్తున్నట్టు ఉండేది. అది వినిపించినంతసేపు నేను ఒంటరిగా ఉన్నానన్న సంగతి మర్చిపోయేదాన్నని చెప్పను. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంకొకరు ఎక్కడో ఉన్నారనిపించేది.

సూదులు వేయడానికి నకిరేకల్ నుంచి కంపౌండర్ ఖాదర్ సాబ్ సైకిల్ మీద వచ్చేవాడు. యాభై దాటినవాడు. గుడిసె లోపలికి వచ్చి, నా మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్న మనిషి ఆయన ఒక్కడే. స్టవ్ మీద సిరంజి మరిగేలోపు రేడియో వినేవాడు. ఒకరోజు ఆ వాయిద్యమే వస్తుంటే అడిగాను.

"సాబ్, గిదేం బాజా? నెల సంది ఇంటున్న, పేరు తెల్వది."

ఆయన సిరంజి గిన్నె మీద మూత పెట్టబోయి ఆగాడు. "సారంగీ బేటీ. మనిషి గొంతుకు గింత దగ్గరి బాజా ఇంకోటి లేదు. మా చిన్నప్పుడు దర్గా ఉర్సుకు ఒక ముసలాయన వచ్చి వాయిస్తుండె. మళ్ల ఇన్నేండ్లకు ఇంటున్న."

ఆ మర్నాటి నుంచి కాస్త ముందే రావడం మొదలుపెట్టాడు. గజళ్లు వస్తే మాటలకు అర్థం చెప్పేవాడు. "ఇంతెజార్ అంటే ఎదురుచూసుడు. గీ కవులకు అదొక్కటే పని," అని నవ్వేవాడు. నేను పుస్తకంలో రాసుకునేదాన్ని. రోజంతా నేను ఎదురుచూసింది ఆ సూది కోసమే అంటే ఎవరూ నమ్మరు.

రెండో నెల చివర తల తిరగడం మొదలైంది. గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఒక పక్కకు ఒరిగిపోయేదాన్ని. బలహీనత అనుకున్నాం. తర్వాత ఒక పగలు గుడిసెలో కీచురాయి చప్పుడు వినిపించింది. కప్పు గడ్డంతా కర్రతో తట్టి వెతికాను. బయటికి వెళ్లినా ఆ చప్పుడు నాతోనే వచ్చింది. అప్పుడు తెలిసింది, అది నా చెవిలోదని.

చెప్పలేదు. డాక్టరు గారి మాట గుర్తుంది. చెబితే సూది ఆపుతారు, ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, సూది ఆపితే ఖాదర్ సాబ్ రావడం ఆగిపోతుంది.

ఆ తర్వాత రేడియో గొంతు తగ్గింది. బ్యాటరీలు అయిపోయాయనుకుని అమ్మతో కొత్తవి తెప్పించాను. అయినా అంతే. వారం తిరక్కుండా మళ్లీ అడిగాను. అమ్మ కొత్త బ్యాటరీలు కొంగున కట్టుకుని వచ్చి, గుడిసె ముందు నిలబడి చెవులు మూసుకుంది.

"గింత గట్టిగ పెట్టినవేందే? రోడ్డు దాక ఇనొస్తాంది!"

నేను ట్రాన్సిస్టర్‌ను కుడి చెవికి ఆనించాను. ఎండుటాకులు నలిగినట్టు గరగర, అంతే. ఎడమ చెవికి ఆనించాను. పాట ఉంది, కానీ పైస్థాయిలో ఉండాల్సినవన్నీ ఎవరో కత్తిరించేసినట్టు ఉంది.

ఆ రోజు ఖాదర్ సాబ్‌కు చెప్పేశాను. ఆయన చేతిలో మందు ఎక్కించిన సిరంజి ఉంది. దాన్ని నెమ్మదిగా పళ్లెంలో పెట్టాడు.

"ఎన్ని దినాల సంది?"

"పదహారు."

నా కుడివైపు కూర్చున్నవాడు లేచి ఎడమవైపు వచ్చి కూర్చున్నాడు. "నేను అడగాలె. రోజు వస్తున్న, రోజు అడగాలె. పాటలినుకుంట కూసున్న గాని, చెవుల సంగతి ఒక్కనాడు అడగలే."

"నేను దాచిన సాబ్. నీ తప్పేం లేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మర్నాడు తన పని మానుకుని బస్సులో నన్ను నల్లగొండకు తీసుకెళ్లాడు. బస్సులో నా పక్క సీటులో కూర్చున్నాడు. దారి పొడుగునా ఏదో చెప్పాడు, ఇంజను మోతలో నాకు సగం కూడా అందలేదు.

డాక్టరు గారు ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి ఒక్కో చెవి దగ్గర పెట్టారు. "వినపడుతోందా? ఇప్పుడు? ఇప్పుడు?" కుడివైపు ఆయన పెదవులు కదలడమే కనిపించింది. చీటీ మీద రాస్తూ, నాకు వినపడేలా గట్టిగా చెప్పారు. "ఎయిత్ నర్వ్ డామేజ్, అంటే చెవి నరం దెబ్బతింది. స్ట్రెప్టోమైసిన్ స్టాప్. మాత్రలు, పొడి కంటిన్యూ చెయ్యాలి. పోయిన వినికిడి తిరిగి రాదమ్మా. మిగిలింది మిగలొచ్చు."

"సార్, సారంగి ఇనొస్తదా?"

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "నువ్వు సంగీతం నేర్చుకున్నావా?"

"లేదు సార్. ఉత్తగ ఇంటనంతే."

"మరైతే పర్వాలేదు," అన్నారు. ఆయన నిజంగానే తేలికపడ్డారు. మంచి డాక్టరు, నా ప్రాణం కాపాడినవాడు. కానీ ఆ జబ్బు మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాట అదే.

సూదులు ఆగాయి. సైకిల్ బెల్లు ఆగింది. పి.ఏ.ఎస్. పొడి కడుపులో తిప్పేది, తిన్నది నిలిచేది కాదు. ట్రాన్సిస్టర్‌ను ట్రంకులో పెట్టి మూత వేశాను. చెవిలో కీచురాయి మాత్రం ఎడతెగకుండా మోగుతూనే ఉంది. ఆ వానాకాలమంతా నేను మనిషితో మాట్లాడిన మాటలు లెక్కపెడితే ఒక పేజీ కూడా నిండదు. ఒక్కోరోజు అమ్మ వచ్చి వెళ్లిన సంగతి, కంచంలో అన్నం చూశాకే తెలిసేది.

దసరా పోయాక ఒకరోజు మధ్యాహ్నం ఖాదర్ సాబ్ సూది పెట్టె లేకుండా వచ్చాడు. "రేడియో ఏది?" అన్నాడు. ట్రంకు చూపించాను. తనే తీసి, ముల్లు తిప్పి, ఒకచోట ఆపాడు. ఆయన మొహం చూస్తే తెలిసింది, సారంగి వస్తోందని. నాకు కమాను తీగల మీద రాసుకునే చప్పుడు వినిపించింది. రాగం లేదు. చెక్క మీద చెక్క గీసినట్టుంది. ఆయనకు నా మొహం అర్థమైంది. ఆపబోయాడు.

"ఉండనీ సాబ్. నువ్విను," అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆయన్ను చూస్తూ కూర్చున్నాను. అది ముగిసేదాకా ఇద్దరం కదల్లేదు.

ఆయన వెళ్లాక ట్రాన్సిస్టర్‌ను మళ్లీ ట్రంకులో పెట్టబుద్ధి కాలేదు. మంచం పట్టె మీద పెట్టి, ఎడమ చెవి పట్టెకు ఆనించి పడుకున్నాను. ఏదో కచేరీ. పాట నాకు అందడం లేదు. కానీ పట్టెలోంచి ఇంకోటి వచ్చింది. మృదంగం ఎడమవైపు మోత. బావిలో బొక్కెన మునిగినట్టు లోతుగా, గుండ్రంగా. ఇన్ని నెలలుగా పాట వెనకాల అది ఉందని నేను గమనించనే లేదు. మర్నాడు నోటు పుస్తకంలో కొత్త పేజీ తెరిచాను. ముల్లు తిప్పడం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వెతికింది మంద్రస్థాయి గొంతుల కోసం, తంబురా కోసం, డోలు కోసం. పాత పేజీల్లో "నచ్చలేదు" అని రాసుకున్నవి కొన్ని ఇప్పుడు నావయ్యాయి. పోయినవాటికి ఇవి బదులు కావు. అట్లా చెప్పి మిమ్మల్ని మోసం చేయను.

పద్దెనిమిది నెలలకు "కేవిటీ క్లోజ్డ్, స్పూటం నెగెటివ్" అన్నారు, జబ్బు నయమైందని. ఇప్పుడు మా ఊరికి దగ్గరి బడిలోనే పనిచేస్తున్నాను. పిల్లలను నా ఎడమవైపు కూర్చోబెట్టుకుంటాను. ప్రార్థన వేరే టీచరు పాడిస్తుంది. కుడి చెవి లేదు. ఎడమది ముప్పాతిక ఉంది. అన్న పిల్లలు ఇప్పుడు నా ఒళ్లో కూర్చుంటారు గానీ, వదిన ఇంకా నా గ్లాసు వేరుగా కడుగుతుంది. సాయంత్రాలు నేనూ ట్రాన్సిస్టరే. నచ్చింది దొరికినప్పుడు పక్కనున్నవాళ్లకు చెప్పాలనిపిస్తుంది. పక్కన ఎవరూ ఉండరు. ఖాదర్ సాబ్‌కు కార్డు రాస్తాను.

ఈ సూదులు వేయించుకుంటున్నవారికి ఒక్క మాట. వారానికోసారి గడియారాన్ని ఒక్కో చెవి దగ్గరా పెట్టుకుని, టిక్కుటిక్కు ఎంత దూరం దాకా వినిపిస్తుందో చూసుకోండి. ఆ దూరం తగ్గినా, తల తిరిగినా, చెవిలో ఏదైనా మోగినా డాక్టరుకు ఆ రోజే చెప్పండి. ఆ ఒక్క మందు ఆపినా, జబ్బుకు వేరే మందులున్నాయి. చెవికి లేవు.