విజిల్ పడితే ఆగాలి

"మీ కాక పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ దాగి మంచంల ఒరిగిండు, మల్ల లేవలే" అని చిన్నమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. ఆయనది కరోనా కాదు, గుండె అన్నారు. ఏదైతేనేం, సూరత్ నుంచి ఆఖరి చూపుకు వెళ్ళే దారి మాకు లేదు. నాన్న గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు. నాకు ఏడుపుకంటే ముందు ఒక ప్రశ్న వచ్చింది. కాక నన్ను మన్నించే పోయాడా?

ఆయన నాకు సొంత కాక కాడు. సూరత్ శివారు కడోదరాలో మా పక్క గది మనిషి, మా ఊరివైపు వాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ను సాంచల దగ్గరే చూశాను. మరమగ్గాలను మావాళ్ళు సాంచలనే అంటారు. నాతో ఆడే గుజరాతీ పిల్లలు కూడా ఆయన్ను కాకా అనే పిలిచేవారు. వాళ్ళ భాషలోనూ చిన్నాన్నను అలాగే అంటారు కాబట్టి, పరిచయం చేసే పని నాకు పడలేదు.

మేము ఆడింది లాక్రాస్. ఆ పేరు వినగానే నాన్న "అదేం రోగమే?" అన్నాడు. చివర చిన్న వల ఉన్న కర్రతో రబ్బరు బంతిని పట్టుకుని, పరుగెత్తుతూ, ఒకరికొకరు విసురుకుంటూ అవతలి గోల్‌లో వేయాలి. జట్టుకు పన్నెండు మంది. మా ఆటల మేడం ఎక్కడి నుంచో పాత కర్రలు సంపాదించింది. మైదానం మాత్రం హైవేకు అవతల. ఆడపిల్ల ఒక్కతే హైవే దాటడానికి వీల్లేదని నాన్న పట్టు పట్టాడు.

"నేనే తోల్కపోత, నేనే తోల్కొస్త. ఇగ ఏంది నీ లొల్లి?" అన్నాడు కాక.

రాత్రి షిఫ్ట్ దిగి, నిద్ర పక్కన పెట్టి వచ్చేవాడు. చినిగిన వలలు చూసి ఆయన ప్రాణం ఊరుకోలేదు. సిమెంటు బల్ల మీద కూర్చుని నైలాన్ తాడుతో అన్నీ మళ్ళీ అల్లాడు. మేడం మెచ్చుకుంటే, "బట్ట నేసెటోనికి గీ వల ఒక లెక్కనా మేడం?" అని మీసం సవరించుకున్నాడు. ఆ మురిపెం చూసి మేడం ఆయన చేతిలో స్టాప్‌వాచ్ పెట్టింది.

అప్పటి నుంచి మా కాలమంతా కాక చేతిలోనే. మా ఆట రెండు సగాలు, సగానికి పాతిక నిమిషాలు. గోల్ పడితే గడియారం ఆపాలి. ఇద్దరు అమ్మాయిలు మధ్యలో నిలబడి, రెండు కర్రల నడుమ బంతిని ఇరికించి పైకి లాగితే ఆట మళ్ళీ మొదలవుతుంది. ఫౌల్ విజిల్ పడినా గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆఖరి రెండు నిమిషాల్లో మాత్రం ప్రతి విజిల్‌కూ ఆపాలి. విజిల్ పడిందంటే మేమూ ఎక్కడివాళ్ళం అక్కడే బొమ్మల్లా నిలబడాలి. కాకకు ఆ నియమం మహా ఇష్టం. "పోగు తెగితే సాంచ ఆపాలె. ఆపకుంటే తెగిన జాగ బట్టంత కనవడ్తది" అనేవాడు. సమయం అయిపోగానే జేబులోంచి ఎర్ర దస్తీ తీసి పైకెత్తేవాడు. ఒక్క క్షణం అటూ ఇటూ కాలేదు. విజిల్ పడగానే అంత ఠంచనుగా ఎలా ఆపుతావు కాకా అని అడిగితే, "మీ కాళ్ళు చూస్త, గంతే" అని నవ్వేవాడు.

ఒక్క విషయంలోనే ఆయనతో చిక్కు. తల దించుకునో అటు తిరిగో మాట్లాడితే ఊరుకునేవాడు కాదు. "మొకం ఇటు తిప్పి చెప్పు" అని గదమాయించేవాడు. మర్యాద కోరుకుంటాడు కాబోలనుకుని, చాటుగా ఆయన్ను సేఠ్ అని వెక్కిరించుకునేవాళ్ళం.

తర్వాత కొత్త నిబంధన వచ్చింది. విజిల్ పడినా నిలబడిపోనక్కరలేదు, కావలసిన చోటికి పరుగెత్తి పోవచ్చు. ఆ నిబంధనతో మేము ఆడిన మొదటి పోటీ వరాఛా జట్టుతో. ఒక్క గోల్ వెనకబడి ఉన్నాం. ఆఖరి రెండు నిమిషాల్లో మూడుసార్లు విజిల్ పడింది. మూడోసారి తర్వాత బంతి నా వలలో ఉంది, ఎదురుగా గోల్ కనిపిస్తోంది. అంతలో ఎర్ర దస్తీ లేచింది. కాక ఒక్కసారి కూడా గడియారం ఆపలేదు.

నేను కర్ర నేలకేసి కొట్టాను. అందరి ముందూ ఆయన మీదికి వెళ్ళి, "నిద్రవోతున్నవా కాకా? విజిల్ ఇనవడలేదా నీకు?" అని అరిచాను. ఆయన నా ముఖంలోకే చూస్తూ, "తప్పైంది బిడ్డా" అన్నాడు. గడియారం మేడంకు ఇచ్చేశాడు. ఇంటిదాకా నా వెనకే నడిచాడు. నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

వారం తిరక్కుండా మొదటి లాక్‌డౌన్ పడింది. సాంచలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక మా సందులో పిచ్చుక అరుపు వినడం అదే మొదటిసారి. కాక గడప మీద కూర్చునేవాడు, నేను తల తిప్పుకుని పోయేదాన్ని. నా పొగరుకు ఏం తక్కువ? ఊళ్ళకు రైళ్ళు వేశాక ఆయనా చిన్నమ్మా మూటలు కట్టారు. అప్పటికి గానీ నాకు గుబులు పుట్టలేదు. గేటు దాకా పరుగెత్తి, మాస్కు లోంచే, "నాదే తప్పు కాకా, మనసుల పెట్టుకోకు" అన్నాను. ఆయన తల ఊపి, చెయ్యి ఎత్తి వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా చిన్నమ్మే మాట్లాడేది. కాకకు ఫోన్ అంటే పడదనుకున్నాం.

పదకొండో రోజు గడిచాక, మనసాగక ఫోన్‌లో చిన్నమ్మను అడిగేశాను. నన్ను మన్నించిండా కాక?

"ఏం మన్నించుడు బిడ్డా? సాంచల మోతకు ఆయన చెవులు ఎప్పుడో వోయినయి. మూతులు చూసే మాటలు పట్టేటోడు. మాస్కులు వచ్చినంక ఎవ్వల మాట సమజ్ కాలే. నువ్వు గేటు కాడ ఏందో అన్నవట గద, 'పైలంగ పొమ్మన్నది పిల్ల' అని రైల్ల మురిసిండు."

మరి ఆ పోటీ రోజు విజిల్ సంగతి అడిగాను.

"మీరు నిలవడితే గడియారం ఆపేటోడు. నిలవడుడు బంద్ అయినంక ఏం జేస్తడు? గా రోజు ఇంటికొచ్చి, 'పిల్ల నిజమే అడిగింది, నేనే అబద్ధమాడిన' అన్నడు. మీ బాపుకు ఎర్కైతే హైవే మీద పిల్లను నాతోని తోలడు, ఆట బంద్ అయితదని ఆయన రంది."

నా ఆట కోసం దాచిన లోపాన్నే నేను నలుగురిలో వేలెత్తి చూపాను. ఆ మాట మాత్రం ఆయన నా పెదవుల మీద చదువుకున్నాడు. తప్పు ఒప్పుకున్న మాట ఆయనదాకా చేరనేలేదు.

ఈమధ్య మైదానం మళ్ళీ తెరిచారు. గడియారం ఇప్పుడు మేడం ఫోన్‌లో ఉంది. మొన్న ఆటలో ఆఖరి రెండు నిమిషాలప్పుడు విజిల్ పడింది. అందరూ తలో దిక్కుకూ పరుగెత్తారు. నా కాళ్ళు కదల్లేదు. "అరే చల్ నా, క్యా హువా?" అని వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు. నేను ఖాళీ సిమెంటు బల్ల వైపు ముఖం తిప్పి, మాస్కు గడ్డం కిందికి లాగి, ఒక్కొక్క అక్షరం పెదవులకు తెలిసేలా, "తప్పైంది కాకా" అన్నాను. మళ్ళీ విజిల్ పడేదాకా అక్కడే నిలబడ్డాను.