రాజుగారి చెరువులో ఇనుము

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు లోకమంతా పరీక్షనాళికలోంచే కనబడేది. రాజమండ్రిలో డిగ్రీ చదివినన్నాళ్ళూ, పేరు తెలియని లవణంలో ఏ లోహం దాక్కుందో పట్టుకోవడమే నా సరదా. రాగి అయితే ముదురు నీలం, నికెల్ అయితే గులాబీ ఎరుపు. (మా అమ్మ చీరల కొట్లో కూడా రంగులు చూస్తూ అంతసేపు నిలబడేది కాదు.) అలాంటి నన్ను భీమవరం దగ్గర, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ఓ చిన్న ల్యాబులో కూర్చోబెట్టారు. అక్కడ రంగులు తక్కువ, ఉక్కపోత ఎక్కువ. కిటికీలోంచి చెరువు నీళ్ళకి గాలి పట్టించడానికి తిరిగే ఏరేటర్లనీ, ఆ తుంపర్లలో మెరిసే ఎండనీ చూస్తూ ఎక్కడో తేలుతుండేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే గొడుగు రాజుగారు వచ్చారు. (వాన ఉన్నా లేకపోయినా గొడుగు లేకుండా గడప దాటరు, అందుకే ఆ పేరు.) చేతిలో తెల్లటి ప్లాస్టిక్ క్యాను. "సాయంత్రం వ్యానులో రొయ్య పిల్లలు దిగుతున్నాయండి. చెరువులో వదలొచ్చో లేదో చెప్పండమ్మా," అన్నారు. కిందటి పంట మొత్తం పోయిందట. ఇదీ పోతే చెరువు పూడ్చేసుకోవడమేనని నవ్వుతూనే చెప్పారు.

ఆ నీళ్ళలో రెండు చుక్కలు యాసిడ్ వేసి థయోసయనేట్ కలిపానో లేదో, నాళికంతా నెత్తురు రంగు. ఇనుము. కాలేజీ వదిలాక అంత చక్కటి ఎరుపు నేను చూడలేదు. మురిసిపోయి, ఫెర్రోసయనైడ్‌తో ఇంకో నాళిక చేశాను. చిక్కటి నీలం. రెండూ కిటికీ వెలుగులో పట్టుకుని, "ఎంత బావుందో చూడండి," అన్నాను. అవునండీ, అక్షరాలా అదే మాట.

"బావుందండి. మరి పిల్లల్ని వదలొచ్చాండి?"

"ఇంత ఇనుముంటే ఎలా వదులుతారండీ?"

ఆయన వ్యాను వెనక్కి పంపడానికి ఫోను తీశారు. నొక్కబోతూ ఆగి, "ఇంకొక్కసారి చూడమ్మా," అన్నారు. ఆ ఎరుపు మళ్ళీ చూడొచ్చని నాకు ఎగిరి గంతేసినంత పనైంది. క్యాను వంచాను. లోపల ఏదో బరువుగా దొర్లింది.

"అదాండి. చెరువు అడుగునున్న నీళ్ళు కావాలన్నారు కదండి. క్యాను తేలిపోతోందని నిన్న ఏరేటరు బోల్టొకటి లోపలేసి ముంచానండి."

తుప్పు బోల్టు, తెల్లవార్లూ నానింది. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆయన వెంటనే స్కూటరెక్కి వెళ్ళి, గంటలో గాజుసీసాతో వచ్చారు. ఈసారి తనే చెరువులో మునిగారట. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి, నెత్తిమీద గొడుగు మాత్రం తెరిచే ఉంది.

మళ్ళీ యాసిడ్, మళ్ళీ థయోసయనేట్. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"ఏంటండి, ఏం రాలేదు?"

"రాకపోతేనే మంచిదండి. మిగతా పరీక్షలూ బాగానే ఉన్నాయి. పిల్లల్ని వదలొచ్చండి."

రాజుగారు కుర్చీలో కూలబడి తడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారని మా ల్యాబు ఓనరుగారు తరవాత చెప్పారు. నేను చూడలేదు. కాస్త ఎరుపైనా కనిపిస్తుందేమోనని, దిగులుగా, ఆ నాళికనే వెలుగులో తిప్పి తిప్పి చూస్తున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, అప్పటి నాలోని ఆ పిల్లని తిట్టడానికి ఇప్పటికీ మనసొప్పదు. ఇప్పుడు నాళికలో రంగు వస్తే నా గుండె ఝల్లుమంటుంది, రాకపోతే హాయిగా ఉంటుంది. ఆ పిల్ల ఇది వింటే నామీద జాలిపడుతుంది.