సున్నం గీత దగ్గర నా నోరు

నరసన్నపేటలో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఈ పనిలో చేతికి కెమెరా ఎంత అవసరమో, నోటికి గొంతు అంత అవసరం. "ఇటు సూడమ్మా", "గెడ్డం కాస్త కిందకి", "బావగారూ, బొజ్జ లోపలికి" అని అరవకపోతే ఆల్బమ్‌లో సగం మంది భోజనాల పందిరి వైపు చూస్తూ తేలతారు. అలా అరిచి అరిచి, కెమెరా కంటికి ఆనగానే నోరు దానంతట అదే తెరుచుకోవడం అలవాటైపోయింది. నిద్రలో కూడా ఎవరినో గడ్డం దించమంటున్నానని మా ఆవిడ చెబుతుంది. ఆవిడ దించదని నాకూ తెలుసు.

రెండేళ్ళ కిందట, మాఘమాసంలో, దగ్గర్లోని ఒక పల్లెలో అమ్మవారి సంబరానికి ఎడ్లబళ్ళ పరుగు పెట్టారు. ఫొటోలకి కమిటీవాళ్ళు ముందు అడిగింది నన్ను కాదు, డ్రోన్ ఉన్న మరొకతన్ని. అతనికి ఆ రోజు ఇంకో పని పడింది. డ్రోన్ లేకపోయినా ద్రోణుడంత వయసైనా ఉంది కదా అనుకున్నారేమో, నాకు కబురుపెట్టారు.

నేను వెళ్ళేసరికి పాలపళ్ళ విభాగం మొదలు కాబోతోంది. పాలపళ్ళు ఇంకా ఊడని కుర్ర గిత్తలకే అందులో చోటు. తోలేవాళ్ళ వయసు కూడా ఇరవై దాటకూడదు. కమిటీ పెద్ద గిత్తల నోరు తెరిచి పళ్ళు చూస్తున్నాడు, పిల్లల దగ్గర ఆధార్ కార్డు చూస్తున్నాడు. వరి కోసేసిన మడిలో దారి పొడవునా రెండు వైపులా సున్నం గీతలు గీశారు. ఒక్కో బండీ విడిగా పరుగెత్తి, దూరంగా పాతిన జెండాని చుట్టి, బయల్దేరిన చోటికి రావాలి. కర్ర పట్టకూడదు. పగ్గమూ, తోలేవాళ్ళ గొంతూ, అంతే. చక్రం సున్నం దాటిందంటే ఆ పరుగు లెక్కలోకి రాదు.

వేపచెట్టు నీడలో ఒక తెల్ల గిత్తల జత కనిపించింది. కాళ్ళకి నల్లదారం, మెడలో మువ్వలు. పక్కన పదిహేడేళ్ళ పిల్ల చున్నీ నడుముకి బిగించి కట్టుకొని, ఒక గిత్త మెడ గోకుతోంది. అంతకంటే మంచి ఫొటో ఏముంటుందని కెమెరా ఎత్తాను. కటకంలో పెద్ద అరచెయ్యి ఒకటి వచ్చి నిలబడింది.

"ఆగు బాబూ. ఏటి సేస్తన్నావు?"

ఆ పిల్ల తాత. పొడవాటి మనిషి, భుజాన తువ్వాలు.

"ఫొటో, తాతా."

"పరుగుకి ముందర నిలబడ్డ ఎద్దుకి బొమ్మ తీస్తారేటి? కాళ్ళు కట్టేసినట్టయిపోతాది. కదిలేటప్పుడు తీసుకో, నానేటీ అనను. ఇంటికెల్లి గాట కట్టేసినాకే నిలబడ్డ బొమ్మ."

పాతికేళ్ళుగా మనుషుల్ని కదలకుండా నిలబెట్టి బతికినవాడిని, కదిలేదాన్నే తీయమంటే నాకు చేతులు కట్టేసినట్టయింది. కెమెరా దించి, ఊరికే ఉండలేక, ఈ అమ్మాయే తోలుతుందా అని అడిగాను.

"ఆ, మా గుంటే. నా పెద్దకొడుకు కూతురు. ఆడు కాలు ఇరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఈ జత ఇంక దీని సేతికియ్యాలా, నా సిన్నకొడుకు సేతికియ్యాలా అన్నది ఇయ్యాల తేల్తాది."

"గెలిస్తే ఈ అమ్మాయికా?"

"గెలవక్కర్లేదు. సున్నం దాటకుండా బండి తిరిగొస్తే సాలు. పగ్గాలు దానియి. దాటితే ఆడు తోలుకెల్లిపోతాడు. అదుగో, తాడు కూడా తెచ్చుకున్నాడు."

చిన్నకొడుకు కొద్ది దూరంలో కొత్త తాడు చుట్ట భుజాన వేసుకొని, జీళ్ళు తింటూ నిలబడ్డాడు. చెడ్డవాడిలా లేడు. బస్సు వస్తుందని గట్టి నమ్మకం ఉన్న ప్రయాణికుడిలా ఉన్నాడు.

"ఏటే గుంటా, ఇంకా గోకుతన్నావు? అది నీకు దండం ఎడతాదా?" అన్నాడు.

"సిన్నాన్నా, నువ్వు గోకితే తంతాది. అందుకే నాను గోకుతన్నాను," అంది పిల్ల, తల తిప్పకుండానే. తర్వాత నావైపు చూసి, "ఫొటో మావయ్యా, మీరు కడాకరుకి, పరుగు ముగిసే కాడ ఉంటారు కదా? మేమొచ్చేటప్పుడు తియ్యండి. ఒకటి మా నాన్నకి సూపించాల," అంది.

తీస్తానమ్మా అని మాటిచ్చాను. మాటివ్వడంలో నేను ఎప్పుడూ వెనకాడను.

పరుగు ముగిసే చోట, దారికి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. తిరిగి వచ్చే బండికి నేను కుడిచేతి వైపు ఉంటాను. సున్నం గీతకీ నాకూ మధ్య రెండడుగులు. తాత, చిన్నకొడుకు నా వెనకే నిలబడ్డారు. ముందు నాలుగైదు బళ్ళు పోయాయి. ఒకటి తీస్తే దుమ్ము పడింది, ఒకటి తీస్తే ఎద్దు తోక పడింది. ఇంకో దాంట్లో అంతా ఖాళీ, ఒక మూల కమిటీ పెద్ద మోచెయ్యి. కదిలేదాన్ని తీయడం ఇంత కష్టమని తెలిస్తే పెళ్ళిళ్ళలో పిల్లల మీద అన్నిసార్లు కోప్పడేవాణ్ణి కాదు.

మైకులో తెల్ల గిత్తలని పిలిచారు. ఈల మోగింది. బండి వెళ్ళింది.

వెళ్ళడం ఎంత బాగా వెళ్ళిందో! ఆ పిల్ల అరవలేదు. "హోయ్ హోయ్ హోయ్" అని ఒకే శ్రుతిలో, పిండి జల్లించినట్టు, మెత్తగా అంటూనే ఉంది. అవతల జెండా దగ్గర చక్రం సున్నానికి జానెడు ఎడంగా తిరిగింది. తాత నా వెనక గట్టిగా ఊపిరి వదిలాడు. చిన్నకొడుకు జీడి నమలడం ఆపాడు. బండి నేరుగా మా వైపు వస్తోంది. ఇంకో పది బారలు. గిత్తలు రెండూ కలిసి కాళ్ళు వేస్తున్నాయి, పిల్ల జడ గాలిలో ఉంది, ఎండ పక్కనుంచి పడుతోంది. కెమెరా కంటికి ఆనించి మీట నొక్కి పట్టుకున్నాను.

అంతే, నోరు తెరుచుకుంది.

"ఇటు సూడమ్మా!"

చూసింది. ఆమే కాదు, గిత్తలు రెండూ చూశాయి. నా వృత్తిలో ఒక్క పిలుపుకి ముగ్గురూ కలిసి కెమెరా వైపు చూడడం అదే మొదటిసారి. ఏ పెళ్ళికొడుకు వంశంలోనూ అలాంటి క్రమశిక్షణ ఎప్పుడూ చూడలేదు. తలలు తిరిగిన వైపే బండీ తిరిగింది. నేను వెనక్కి పడ్డాను. మువ్వల మోత నా పక్కనుంచి దాటి, మళ్ళీ దారిలోకి మళ్ళి, బయల్దేరిన చోటు దాటి ఆగింది.

గీత దగ్గర కూర్చున్న మనిషి ఎర్రగుడ్డ ఊపాడు. "సున్నం దాటినాది!"

"దాటనేదు, సున్నం మీదే ఎల్లినాది," అని జనంలోంచి ఎవరో అన్నారు. ఇంకెవరో దాటిందన్నారు. అరనిమిషంలో ఊరు రెండు పక్షాలయింది. మైకులోంచి వినబడింది: "తగువెందుకు? ఫొటో మావ అక్కడే పడున్నాడు. కెమెరాలో సూడండి."

పడున్నాడన్నది అక్షరాలా నిజం. లేచి గడ్డిపరకలు దులుపుకున్నాను. ఫొటో పడలేదని చెప్పొచ్చు. ఆ ఉదయం నేను తీసినవి చూసినవాళ్ళెవరైనా తేలిగ్గా నమ్మేవాళ్ళు. మాట నోటిదాకా వచ్చింది. అవసరమైనప్పుడు మాత్రం ఆ నోరు తెరుచుకోలేదు.

పిల్ల పగ్గాలు బండికి చుట్టి పరుగెత్తుకొచ్చింది. "సూపించండి, మావయ్యా."

చూపించాను. గిత్త, గీత, రెండూ స్పష్టంగా పడ్డాయి. చక్రం సున్నానికి రెండు వేళ్ళు ఇవతల, నా వైపు ఉంది. ఆమె తెరని ఎండకి అడ్డంగా చేత్తో కప్పుకొని చూసింది.

"దాటినాది," అంది. పెదవి కొరుక్కుంది గాని ఏడవలేదు.

కమిటీ పెద్ద తల ఊపి పుస్తకంలో ఆ పరుగు కొట్టేశాడు. చిన్నకొడుకు భుజం మీది తాడు దించాడు.

"తాతా, తప్పు నాది. నాను పిలిసీసినాను. లేకపోతే ఆ పిల్ల సూసేది కాదు," అన్నాను. స్టూడియో తెలుగు ఎటుపోయిందో, మా అమ్మ నేర్పిన తెలుగు వచ్చేసింది.

"నోరున్నోడు పిలుస్తాడు. సంబరం కదా, ఊరంతా పిలుస్తాది," అన్నాడు తాత. "సూసినాది, అది దాని తప్పే. తరవాత ఏటి సేసినాదో అది సూపించు."

మీట నొక్కి పట్టుకున్నాను కదా, కింద పడేలోపు వరసగా ఏడు ఫొటోలు పడ్డాయి. ఒక్కొక్కటీ తిప్పాను. మూడోదాని దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదాపు. పెద్దది సెయ్యి. మొకం కాదు బాబూ, సెయ్యి సూపించు."

పెళ్ళి ఫొటోల్లో చేతులు ఎవరికి కావాలి, గాజులుంటే తప్ప! జరిపాను. పిల్ల మొహం ఇంకా నావైపే ఉంది. ఎడం చెయ్యి మాత్రం అప్పటికే గుండెల దాకా పగ్గం లాక్కొని ఉంది. కుడి చెయ్యి వదులు చేసింది.

"ఇప్పుడు ఎద్దు నోరు సూపించు."

ఎడం గిత్త మూతి తెరంతా నిండింది. తడి ముక్కు, ముక్కుతాడు, మూసి ఉన్న నోరు. ఆయన కెమెరా తన చేతిలోకి తీసుకొని, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. తర్వాతి ఫొటోలో కూడా నోరే చూశాడు. అందులోనూ మూసే ఉంది. అయిదో దాంట్లో చక్రం సున్నానికి అవతల, దారిలోకి వచ్చేసింది.

"ఒరే, ఇలారా," అని చిన్నకొడుకుని పిలిచాడు. "నువ్వు లాగితే ఇది నోరు తెరిసీదా, నేదా?"

అతను చూశాడు. "తెరిసీది," అన్నాడు.

"మీ అన్న లాగినా తెరుస్తాది. నాను లాగినా తెరిసీది. ఇంత పరుగులో బండి మళ్ళించినాది, ముక్కు నొప్పెట్టనేదు." ఆయన కెమెరా నాకిచ్చేసి తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. "ఆ తాడు ఇంటికి పట్టుకెల్లు. నీ ఆవుకి పనికొస్తాది."

"సున్నం దాటకపోతేనే అన్నావు కదా తాతా," అంది పిల్ల. నాకైతే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాలనిపించింది. నోటి విషయంలో సలహా ఇచ్చే అర్హత ఆ రోజుకి నాకు లేదు.

"అన్నాను. ఆ మాట కమిటీకి సెప్పుకో, బహుమతి ఇస్తారేమో. పద, ఎండెక్కితన్నాది, నీళ్ళు ఎట్టాల. వచ్చే ఏడు ఎవుడు పిలిసినా సూడకు."

చిన్నకొడుకు తాడు మళ్ళీ భుజానికెత్తుకొని, మిగిలిన జీళ్ళ పొట్లం పిల్ల చేతిలో పెట్టాడు. "గుంటా, ఒకటి దానికి కూడా ఎట్టు. నోరు తెరుస్తాదేమో సూద్దాం," అన్నాడు.

వాళ్ళ నాన్నకి చూపించాల్సిన ఫొటో గుర్తొచ్చి ఆమెని అడిగాను. మూడోది వద్దంది. ఇప్పుడు ఇంకోటి తియ్యమంది. నిలబడమందామని నోరు తెరవబోయి, తాత చెప్పింది గుర్తొచ్చి మూసుకున్నాను. బండి కదిలింది. ఆమె పగ్గాలు పట్టుకొని ముందు కూర్చుంది, తాత వెనక కాళ్ళు వేలాడేసుకొని కూర్చున్నాడు. మడి గట్టు దాటి బండి రోడ్డెక్కుతుంటే తీశాను. పిలవలేదు. పిలవలేదు కాబట్టి ఎవరూ చూడలేదు. పడింది రెండు ఎద్దుల వీపులు, ఒక జడ. తాత ఒక్కడే ఇటు తిరిగి కూర్చున్నాడు గాని, ఆయన చూపు ఎడం చక్రం మీద ఉంది.

రెండు ప్రతులు వేశాను. ఒకటి ఆ నెలలోనే వాళ్ళింటికి వెళ్ళి మంచం మీద ఉన్న తండ్రికి ఇచ్చాను. ఆయన అందులో పగ్గాల వదులు చూసి, ఇంత వదులుగా పట్టుకున్నందుకు దీన్ని మా నాన్న ఏమీ అనలేదా అని అడిగాడు. రెండోది స్టూడియో గోడమీద, పెళ్ళి జంటల మధ్య ఉంది. వచ్చినవాళ్ళు అడుగుతుంటారు, ఒక్కరూ ఇటు చూడట్లేదేంటండీ అని. పనిలో ఉన్నారు, పిలవకండి అని చెబుతాను.